బావ రిమోట్

దాన్ని కంట్రోలర్ అంటారని మాకెవరికీ తెలీదు. టీవీకి ఉన్నట్టే వీడియో గేముకీ ఒక రిమోట్, కాకపోతే తీగ ఉన్న రిమోట్. 1994 వేసవి సెలవుల్లో చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు నుంచి త్యాగరాయ గానసభ వైపు తిరిగే సందులో ఒక వీడియో క్యాసెట్ల షాపుండేది. షాపతను ముందు గదిలో రెండు చిన్న టీవీలు పెట్టి గంటకు 5 రూపాయలకు గేములు ఆడించేవాడు. సాయంత్రం గానసభలో శ్రుతి సరిచూసుకునే వేళకి ఇక్కడ కాంట్రా గేములో తుపాకుల మోత మొదలయ్యేది. కచేరీకి వెళ్లే పెద్దవాళ్లు ఆగి లోపలికి తొంగిచూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాళ్లు.

నేనూ మా బావా రోజూ వెళ్లేవాళ్లం. బావంటే మేనత్త కొడుకు, నాకన్నా ఏడాది పెద్ద. అశోక్‌నగర్‌లో నాలా పక్క సందులో వాళ్లది కింది పోర్షన్. పక్క బిల్డింగులో మాది పై వాటా. బావకి రెండేళ్లప్పుడు పోలియో వచ్చి కుడిచెయ్యి మోచేతి నుంచి కిందికి సన్నబడిపోయింది. రాత ఎడమచేత్తో, క్యారమ్స్ ఎడమచేత్తో. సంక్రాంతికి నేను చరఖా పట్టుకుని నిలబడితే ఒంటిచేత్తో పతంగి ఎగరేసి నలుగురివి కోసేవాడు. తనకి చేతకానిది మా సందులో ఒక్కటే, ఆ వీడియో గేము. రిమోట్‌కి ఎడమ పక్క ప్లస్ గుర్తు బటన్, కుడి పక్క ఎ, బి. ఎడమ బొటనవేలితో మనిషిని నడిపించాలి, కుడి బొటనవేలితో ఎగిరించాలి, కాల్పించాలి. రెండూ ఒక్కసారే జరగాలి.

బావ తన 5 రూపాయలు నాకే ఇచ్చేసేవాడు. నా పక్కన స్టూలు మీద కూచుని, "పైన చూడరా, పైనుంచి దూకుతున్నాడు" అని చెబుతూ ఉండేవాడు. ఏ మలుపులో ఎవడొస్తాడో నాకన్నా తనకే బాగా తెలుసు. తన గంట కూడా నేనే ఆడేవాణ్ని. అది తప్పని నాకు ఆ వయసులో తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ స్టూలే కళ్ల ముందుకొస్తుంది.

ఒకరోజు నా చేతిలోనే రిమోట్ పాడైంది. మనిషి కుడి పక్కకి నడవడం మానేశాడు. "బాగుచేయించుకు రండి, లేకపోతే ఇంకోసారి రావద్దు" అన్నాడు షాపతను. ఇద్దరం నడుచుకుంటూ నారాయణగూడ వెళ్లాం. అప్పటికి అక్కడ ఫ్లైఓవర్ లేదు. వైఎంసీఏ చౌరస్తా దగ్గర, మెట్ల కింద పట్టేంత జాగాలో ఒక రేడియో రిపేరు షాపు. అందులో ఉండే పెద్దాయన్ని అందరూ భాయ్‌సాబ్ అనే పిలిచేవాళ్లు. గోడ నిండా విప్పేసిన రేడియోలు, టేప్‌రికార్డర్లు, వీసీఆర్ మూతలు. టేబుల్ మీద సోల్డరింగ్ ఐరన్, పక్కన పాత దీపం బుడ్డి మూతలో గుగ్గిలం.

ఆయన వెనక ఉన్న స్క్రూలు తీసి రిమోట్‌ని పుస్తకంలా తెరిచాడు. లోపలేముందో చూడటం నాకదే మొదటిసారి. ఆకుపచ్చ పలక, దాని మీద రాగి గీతలు. బటన్ల కింద బూడిదరంగు రబ్బరు పొర, ప్రతి బటన్ కిందా ఆ రబ్బరుకి పప్పుబద్దంత నల్లటి కార్బన్ బిళ్ల. మనం బటన్ నొక్కితే ఆ బిళ్ల కిందికొచ్చి పలక మీద విడివిడిగా ఉన్న రెండు రాగి గీతల్ని కలుపుతుంది. అంతే. పలక మధ్యలో తారు బొట్టు లాంటిదొకటి ఉంది. దాని కింద ఐసీ ఉంటుంది. ఎనిమిది బటన్లలో ఏది నొక్కామో ఒక్కొక్కటిగా వరస పెట్టి గేము పెట్టెకి చెప్పడం దాని పని, అదీ సెకనుకు 50, 60 సార్లు. అందుకే ఎనిమిది బటన్లున్నా తీగలో ఉన్నవి ఐదే తంతులు. ఇవన్నీ తర్వాత తెలుసుకున్న సంగతులు. ఆ రోజు చూసింది మాత్రం భాయ్‌సాబ్ ఒక పెన్సిల్ ముక్క తీసుకుని కార్బన్ బిళ్ల మీద నెమ్మదిగా రుద్దడం. పెన్సిల్ సీసం కరెంటుని పోనిస్తుంది. అరిగిన బిళ్లకి అదే మందు. ఆ చిట్కా మా సందంతా పాకింది. ఆ వేసవిలో మా ఇళ్లలో పెన్సిళ్లు ఊరికే అరిగిపోయేవి.

ఆయన రుద్దుతుంటే బావ అడిగాడు: "ఈ బటన్ ఇక్కడే ఉండాలా భాయ్‌సాబ్?"

ఆయన పెన్సిల్ ఆపి బావ ముఖం చూశాడు, తర్వాత చెయ్యి చూశాడు. జాలిపడలేదు. గిరాకీ ఏదో అడిగితే ఆలోచించినట్టే ఆలోచించాడు.

"నీకు యాడ కావాలె బేటా?"

ఆ ప్రశ్న బావని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

తర్వాత వారం పది రోజులు సాయంత్రాలన్నీ నారాయణగూడలోనే. భాయ్‌సాబ్ ముందుగా తన డబ్బాల్లోంచి పాత రిమోట్ ఒకటి వెతికి తీశాడు. ప్రతి బటన్‌కీ పలక మీద ఒక గీత ఉంటుంది, అన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి గీత. ఆ ఉమ్మడి గీత నుంచి ఒక తీగ, ఎ గీత నుంచి ఒక తీగ బయటికి లాగి వాటి మధ్య ఏ స్విచ్ పెట్టినా అది ఎ బటనే అవుతుంది. అంటే బటన్ ఎక్కడైనా ఉండొచ్చు. తలుపు మీదా ఉండొచ్చు, కాలి కిందా ఉండొచ్చు. బావ చేతిని ఒక చెక్క మీద బోర్లా పెట్టించి, వడ్రంగి పెన్సిల్‌తో చుట్టూ గీశాడు. రిమోట్‌ని దానికి కుడి పక్కన బిగిస్తే బొటనవేలు సరిగ్గా ప్లస్ బటన్ మీద పడుతుంది. చూపుడువేలు, మధ్యవేలు చాపితే చెక్క మీద ఎక్కడ ఆనతాయో అక్కడ రెండు స్విచ్‌లు. ఒకటి బి, ఒకటి ఎ. చెయ్యి నాలుగు వేళ్లతో హార్మోనియమే వాయిస్తుంది, ఇదేం కష్టం అన్నాడాయన.

ఆ పనిలో మొదటి మెట్లన్నీ నేను చూడలేదు. షాపు మెట్ల మీద కూచుని, అద్దెకు తెచ్చుకున్న కామిక్స్ చదువుకుంటూ గడిపిన సాయంత్రాలూ ఉన్నాయి. చివరికి తయారైంది మాత్రం బాగా గుర్తుంది. చదును చేసిన టేకు చెక్క, ఒళ్లో పెట్టుకుంటే జారకుండా అడుగున సైకిల్ ట్యూబు ముక్క. పాడైన వీసీఆర్ ముందు భాగం నుంచి తీసిన మెత్తటి స్విచ్‌లు రెండు. వాటి మీద చొక్కా గుండీలు అతికించాడు, వేలికి తగలాలని. బి మీద ఎర్ర గుండీ, ఎ మీద తెల్లది. ఎంతివ్వాలంటే, "స్విచ్‌లు పాతయే, గుండీలు మా ఇంట్లయి, తీగకు 10 రూపాయలియ్యి" అన్నాడు.

గానసభ సందు షాపులో బావ దాన్ని ఒళ్లో పెట్టుకున్న రోజు, పిల్లలందరూ మూగారు. మొదటి మూడుసార్లు అడవి మెట్టులో వంతెన పేలిపోయేచోటే చచ్చిపోయాడు. నాలుగోసారి దాటాడు. ఎవరూ అరవలేదు, అందరూ ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారు. పక్కన స్టూలు మీద కూచుని దారి చెప్పడం ఆ రోజు నా వంతయింది. తనకి నా దారి అక్కర్లేదు, అన్నీ తెలుసు. నెల తిరక్కుండానే మా సందులో కాంట్రా ఆఖరి దాకా వెళ్లింది తనొక్కడే.

ఆరేళ్లు ఆ రిమోట్ వాళ్లింట్లోనే ఉంది. మామయ్య కొన్న పెట్టెకి తగిలించి ఆడేవాళ్లం. క్యాసెట్ మీద లక్షల గేములని అంకె ఉండేది, లోపల తిరిగి తిరిగి అవే పదో ఇరవయ్యో. తర్వాత బావ ఇంటర్‌కొచ్చాడు, ఏడాదికి నేనూ వచ్చాను, రిమోట్ బీరువా కింద చెక్కపెట్టెలోకి పోయింది.

2000 ఆగస్టు 23 రాత్రి మొదలైన వాన ఆగలేదు. 24 గంటల్లో నగరంలో 24 సెంటీమీటర్లు కురిసిందని తర్వాత పేపర్లలో చదివాం. మాకు సెంటీమీటర్లు తెలీలేదు, మెట్లు తెలిశాయి. హుస్సేన్‌సాగర్ నిండి, మిగులు నీళ్లు మోసుకుపోయే నాలా అశోక్‌నగర్‌లో గట్లు దాటేసింది. తెల్లారి నాలుగింటికి అత్తయ్య కేక విని కిందికి దిగితే నీళ్లు మా మూడో మెట్టు మీద ఉన్నాయి. సందులో నడుము లోతు. గ్యాస్ సిలిండర్లు పడవల్లా తేలుతూ ఒకదానికొకటి గుద్దుకుంటున్నాయి. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. నేనూ నాన్నా బావా కలిసి టీవీని, మామయ్య ఫైళ్లని, అత్తయ్య కుట్టుమిషన్ పైభాగాన్ని మా ఇంట్లోకి చేరవేశాం. బావ ఒంటిచేత్తో బియ్యం డబ్బా ఎత్తుకొచ్చాడు. బీరువా కింద చెక్కపెట్టె ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాటికి నీళ్లు తీశాయి. ఇంట్లో మడమ లోతు బురద, మురుగు కంపు. పరుపులు, పుస్తకాలు, పప్పుల డబ్బాలు అన్నీ వీధిలో గుట్టలు. మునిసిపాలిటీ లారీ వచ్చింది. చెక్కపెట్టె తెరిచి చూశాను. చెక్క ఉబ్బి పగిలింది, రబ్బరు ఊడింది, తీగలు బురదలో కలిసిపోయాయి. ఎర్ర గుండీ ఒక్కటి కనిపించింది. బావ లోపల అత్తయ్యతో పాటు నేల కడుగుతున్నాడు. నేను అడగలేదు. పెట్టెతో సహా నా చేత్తోనే లారీలోకి విసిరేశాను.

బావ తర్వాతెప్పుడో, "రిమోట్ కూడా పోయిందా?" అని అడిగాడు. పోయిందన్నాను. విసిరింది నేనని చెప్పలేదు.

ఉద్యోగం వచ్చాక మొదటిసారి బోనస్ డబ్బుతో నేను కొన్నది ఒక పాత జపాన్ ఫామికామ్. 1983లో నింటెండో తెచ్చిన ఆ పెట్టెకే మా చిక్కడపల్లి పెట్టెలు నకళ్లు. నేను కొన్నది మొదటి నెలల్లో వచ్చినది, దాని రిమోట్ మీద ఎ, బి బటన్లు చతురస్రంగా, మెత్తటి రబ్బరుతో ఉంటాయి. నొక్కితే అంచు ఇరుక్కుపోయేది. అందుకని వాటిని గుండ్రంగా, గట్టి ప్లాస్టిక్‌తో మార్చేశారు. రెండో రిమోట్‌లో స్టార్ట్ బటన్ ఉండదు, దాని బదులు చిన్న మైకు ఉంటుంది. ఆ చతురస్రపు బటన్ మీద వేలు పెట్టినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తయారుచేసినవాళ్లు ఎక్కడ తడబడ్డారో వేలికి తగులుతోంది. అక్కడ నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

అప్పటినుంచి నేను వెతికేది అమ్మకానికొచ్చిన కంట్రోలర్లని కాదు, అవి కాకముందు ఉన్నవాటిని. ఏ కంపెనీ అయినా కొత్త కంట్రోలర్ తెచ్చేముందు నమూనాలు చేస్తుంది. మొదటి విడత సర్క్యూట్ పనిచేస్తుందో లేదో చూడటానికి, రెండోది డిజైన్ నిలబడుతుందో లేదో చూడటానికి, మూడోది ఫ్యాక్టరీలో వేలకొద్దీ చెయ్యడం కుదురుతుందో లేదో చూడటానికి. ఈవీటీ, డీవీటీ, పీవీటీ అని వాటికి పేర్లు. పని అయ్యాక వాటిని ముక్కలు చేసెయ్యాలి, లేదా వెనక్కి ఇచ్చెయ్యాలి. గేములు చేసే స్టూడియోలకు ఇచ్చే డెవలప్‌మెంట్ కిట్‌లదీ అదే కథ. మన హైదరాబాద్‌లోనే 2009లో ప్లేస్టేషన్ 2కి రెండు గేములు తయారయ్యాయి, అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్', గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా'. మన ఊళ్లో కూచుని మనవాళ్లు ప్లేస్టేషన్‌కి గేము చేశారని తెలిసినప్పుడు నాకు ఆకాశం అందినట్టయింది. అలాంటి పనిచోట్ల వాడిన సామాను ఒప్పందం ప్రకారం తిరిగి వెళ్లిపోతుంది. తప్పిపోయిందేదో ఎప్పుడో తుక్కులో తేలుతుంది. అందుకే గురువారాలు పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్, సెలవు రోజుల్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ తిరిగేవాణ్ని. తుక్కు గోనెల్లో చెయ్యి పెట్టి తీగ పట్టుకుని లాగేవాణ్ని, బావిలో చేద లాగినట్టు.

పదేళ్లు తిరిగితే అసలు నమూనాలని చెప్పదగ్గవి నాకు మూడు దొరికాయి. మొదట్లో ఒకసారి మోసపోయాను కూడా. విదేశాల నుంచి ఒకతను ఫొటోలు పంపి, ఎక్కడా లేని ముక్కని 14 వేలకు అంటగట్టాడు. వెనక చేత్తో రాసిన నంబరు, 'అమ్మకానికి కాదు' అనే స్టిక్కరు, అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చాక విప్పితే లోపల ప్లాస్టిక్ మీద చిన్నచిన్న గుండ్రటి అచ్చులు, గడియారం ముఖంలా ఒక గుర్తు కనిపించాయి. అచ్చులోంచి ముక్కని బయటికి తోసే పిన్నుల గుర్తులు అవి. గడియారం లాంటిది ఏ నెలలో పోశారో చెప్పే గుర్తు. ఫ్యాక్టరీ ఉక్కు అచ్చులో పోసినవాటికే అవి ఉంటాయి. తొలి నమూనాల్ని మెషిన్ మీద చెక్కుతారు, లేదా సిలికాన్ అచ్చులో రెసిన్ పోసి తీస్తారు. వాటి లోపల నున్నగా ఉంటుంది, లేకపోతే ఉలి గీతలుంటాయి. పలక మీద ఎవరో మనసు మార్చుకుని అతికించిన సన్నటి తీగ ఉంటుంది. ఆ తీగ కోసమే నేను వెతికేది. అచ్చులో పోసినదానికి అంతా తెలిసిపోయి ఉంటుంది. నమూనాకి ఇంకా తెలీదు.

నా ఇష్టం వేరు, లోకం పెట్టే ధర వేరు. సోనీ, నింటెండో కలిసి చెయ్యాలనుకున్న యంత్రం ఒకటుంది. 1991లో సోనీ దాన్ని ప్రకటించిన మర్నాడే నింటెండో ఫిలిప్స్‌తో వెళ్తున్నానంది, అది బజారుకి రాలేదు. దాని నమూనా ఒకటి అమెరికాలో దివాలా తీసిన అడ్వాంటా అనే కంపెనీ సామాను వేలంలో టెర్రీ డీబోల్డ్ అనే ఉద్యోగికి ఇతర సామానుతో పాటు వచ్చింది. అదేమిటో 2015లో బయటపడింది. 2020 మార్చిలో హెరిటేజ్ వేలంలో 3,60,000 డాలర్లు పలికింది. దాని కంట్రోలర్ చూడ్డానికి మామూలు సూపర్ ఫామికామ్‌దే. నింటెండో పేరు ఉండాల్సిన చోట సోనీ ప్లేస్టేషన్ అని ఉంటుంది, అంతే తేడా. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం డబ్బు కాదు. పాత సామాను మధ్య పడి ఉన్న పెట్టెని ఒకడు విసిరెయ్యకుండా ఇంటికి తీసుకెళ్లాడు. నేను విసిరేశాను.

2018లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. రెండు పెద్ద బటన్లు, వెనక వరసగా 19 రంధ్రాలు. ఎవరి శరీరానికి ఏ స్విచ్ కుదిరితే దాన్ని కావలసిన రంధ్రంలో గుచ్చుకోవచ్చు. కాలితో, తలతో, మోచేత్తో. అంతకుముందు 1989లోనే నింటెండో ఒకటి చేసింది, ఛాతీకి కట్టుకుని గడ్డంతో నడిపించేది, గొట్టంలోకి ఊదితే ఒక బటన్, పీలిస్తే ఇంకోటి. అడాప్టివ్ కంట్రోలర్ వీడియో చూస్తూ నేను అన్నం తినడం ఆపేశాను. అది నాకు తెలిసిన వస్తువే. ఉమ్మడి గీత నుంచి ఒక తీగ, బటన్ గీత నుంచి ఒక తీగ, మధ్యలో నీకు కావలసిన స్విచ్. "నీకు యాడ కావాలె బేటా" అన్న మాటకి వాళ్లు 19 రంధ్రాలు చేశారు. నారాయణగూడలో మెట్ల కింద ఆ మాట 24 ఏళ్ల ముందే అన్నారు.

ఆ రాత్రే బావకి ఫోన్ చేసి, రిమోట్ లారీలోకి విసిరింది నేనేనని చెప్పాను. అటు పక్క కాసేపు ఏమీ వినపడలేదు. "తెలుసురా," అన్నాడు, "కిటికీలోంచి చూశాను."

భాయ్‌సాబ్ దగ్గరికి వెళ్లడం నేను ఎప్పుడూ మానలేదు. విరిగిన తీగలకీ దొరకని స్క్రూలకీ ఆయనే దిక్కు. చూపు తగ్గాక కూడా వేళ్లతో తడిమి ఇది ఫలానా ఐసీ అనేవాడు. ఆయన పోయాక కొడుకు కొన్నాళ్లు మొబైల్ రిపేర్లు చేశాడు. 2022లో ఆ బిల్డింగు పడగొడతారని తెలిసి షాపు ఖాళీ చేస్తూ నాకు ఫోన్ చేశాడు. "అన్నా, అబ్బా డబ్బాలల్ల మీ ఆటల సామాను ఏందో ఉన్నది. పారెయ్యమంటవా?"

"వద్దు, వస్తున్నా" అని ఆఫీసు నుంచే బయల్దేరాను.

పాత డాల్డా డబ్బాలు, బిస్కట్ రేకు డబ్బాలు, ప్రతిదాని మీదా ఉర్దూలో చీటీ. ఒక పెద్ద రేకు డబ్బాలో పాత రేడియో బుర్రల కింద ఒక చెక్క. పైకి తీశాను. దాని మీద వడ్రంగి పెన్సిల్‌తో గీసిన పిల్లాడి చెయ్యి.

నేనక్కడే నేల మీద కూచుండిపోయాను.

అది మేం వాడింది కాదు. దానికన్నా ముందుది. చిత్రిక పట్టని చెక్క, అంచున రంపం పళ్ల గీతలు. కుడి పక్కన ఒక నల్ల రిమోట్, నాలుగు మేకులతో దిగ్గొట్టినది. చూపుడువేలు, మధ్యవేలు గీతల కొసన రెండు బేకలైట్ కాలింగ్ బెల్ స్విచ్‌లు, ఇళ్ల గుమ్మాల పక్కన ఉండే గోధుమరంగువి. మధ్యవేలి స్విచ్‌కి రెండు తీగలు శుభ్రంగా సోల్డర్ చేసి ఉన్నాయి. చూపుడువేలి స్విచ్‌కి ఒక తీగే ఉంది. రెండోది రిమోట్ నుంచి బయల్దేరి సగంలో తెగిపోయి ఉంది. తెగడం కాదు, కటింగ్ ప్లేయర్‌తో కోసినట్టు కొస చదునుగా ఉంది. ఒక మేకు చుట్టూ చెక్క మీద సుత్తి దెబ్బ పడిన చంద్రవంక. చెక్క మూల అదే పెన్సిల్‌తో రాసిన ఉర్దూ మాట, మూడక్షరాలు. కొడుకుని అడిగితే చదివి చెప్పాడు: "సఖ్త్." గట్టిది.

డబ్బిస్తానంటే అతను తీసుకోలేదు. "అబ్బా చేసిన సామాను నువ్వు దాస్తవు, నేనేడ దాస్త?" అన్నాడు.

ఆదివారం బావ ఇంటికి తీసుకెళ్లాను. ఇల్లు అదే, కింది గదులు ఇప్పుడు గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చిన పిల్లలకి అద్దెకిచ్చారు, బావ వాళ్లు పైన కట్టుకున్నారు. బావ ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాడు. బల్ల మీద చెక్క పెట్టగానే చాలాసేపు చూశాడు. తర్వాత తెగిన తీగ మీద వేలు పెట్టి చెప్పడం మొదలెట్టాడు. నేను మెట్ల మీద కామిక్స్ చదువుకుంటున్న సాయంత్రాల్లో ఒకటి అది. భాయ్‌సాబ్ ముందు ఎ కలిపి, పది నిమిషాలు నొక్కుతూ ఉండమన్నాడట. బెల్ స్విచ్ స్ప్రింగు గట్టిది కదా. బావ నొప్పని చెప్పలేదు, చెబితే పని ఆపేస్తాడేమోనని భయం. ఆయనే చెయ్యి పట్టుకుని వేలి కొస చూశాడట, ఎర్రగా కందిపోయి ఉంది. "గట్టిగున్నదని చెప్పవేంది బేటా" అంటూ, అప్పుడే అతికించబోతున్న బి తీగని పుటుక్కున కోసేసి, వీసీఆర్ మూతల గుట్ట వైపు తిరిగాడట.

నేను నా దగ్గరున్న పాత డబ్బా టీవీ, చిక్కడపల్లి రకం పెట్టె కూడా ఆటోలో తెచ్చాను. కొత్త టీవీలతో ఇవి కుదరవు. తీగ గుచ్చి, చానెల్ తిప్పి, గింజలు గింజలుగా వస్తున్న బొమ్మని సరిచేశాను. ఆ రిమోట్ బతికే ఉంది. ఎ నొక్కితే మనిషి ఎగిరాడు. బి లేదు, కాల్చలేడు.

"ఆ తీగ అతికించెయ్యరా," అన్నాడు బావ.

నేను ఒప్పుకోలేదు. నమూనా మీద సోల్డర్ పెట్టకూడదు, ఎలా దొరికిందో అలాగే ఉండాలి. పదిహేనేళ్లుగా నేను పాటిస్తున్న నియమం అది. ఆయన కోసిన కొస మీద నా సోల్డర్ పడితే ఆయన ఆ సాయంత్రం చేసిన పని మాసిపోతుంది.

"ఆయన ఇది దాచుకోడానికి చేశాడా? నేను ఆడటానికి చేశాడు," అన్నాడు బావ.

రెండు మాటలూ నిజమే. కాసేపు ఎవరం మాట్లాడలేదు. బావ కూతురు టీ తెచ్చి పెట్టింది, అది చల్లారింది. చివరికి సంచిలోంచి మొసలి క్లిప్పులున్న తీగ ఒకటి తీశాను. టెస్టింగ్‌కి వాడేది, రెండు కొసలా పళ్లుండే క్లిప్పులు. ఒకటి కోసిన తీగకి కొరికించాను, రెండోది బెల్ స్విచ్ స్క్రూకి. సోల్డర్ లేదు, గీత పడలేదు. తీసేస్తే ఆనవాలు కూడా ఉండదు.

బావ చెక్కని ఒళ్లోకి తీసుకున్నాడు. చెయ్యి బోర్లా పెట్టాడు. వేళ్లు పెన్సిల్ గీతలు దాటి ముందుకి వచ్చాయి, స్విచ్‌ల మీదికి రావాలంటే మణికట్టుని వెనక్కి జరపాల్సొచ్చింది. జరిపి, స్టార్ట్ నొక్కమని నాకు చెప్పాడు. అడవి మొదలైంది. బావ బి నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. తెర మీద తూటాలు వెళ్లాయి.

"గట్టిగుంది భాయ్‌సాబ్," అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

వంతెన దగ్గర మొదటిసారి చచ్చిపోయాడు. నేను స్టూలు దగ్గరికి లాక్కుని పక్కన కూచున్నాను.